మునిగే దారికి వారసత్వ హోదా

మా మడలంకకి రోజుకి రెండుసార్లు దారి ఉంటుంది, రెండుసార్లు ఉండదు. ఈ మాట కొత్తవాళ్లకి చెబితే నవ్వుతారు. మాకు నవ్వు రాదు, అప్పటికే మోకాళ్లదాకా తడిసి ఉంటాం కాబట్టి.

ఊరు పాయకి అవతల, సముద్రం మొగ దగ్గర ఉంది. తాతలనాడు రాళ్లూ ఆల్చిప్పలూ పోసి ఒడ్డుదాకా ఒక దారి వేశారు. సముద్రం పాటు తీసినప్పుడు ఆ దారి పైకి తేలుతుంది. పోటు ఎక్కినప్పుడు మునిగిపోతుంది. మధ్యలో ఉన్నవాడు ఎటు దగ్గరైతే అటు పరుగెత్తాలి. పడవలున్నాయి కదా అంటారు. పడవలు వేటకి పోతాయి. అవి తిరిగొచ్చేదాకా కూర్చుంటే ఒడ్డున బజారు ఎత్తేస్తారు.

అందుకని వంతెన కావాలని మా ఊరు అడుగుతూనే వచ్చింది. ప్రతి ఎన్నికకీ ఒక నాయకుడు వచ్చి శంకుస్థాపన రాయి ఒకటి పాతి వెళ్లేవాడు. మా ఆడవాళ్లు ఆ రాళ్లు పీకి తెచ్చుకుని వాటి మీద చేపలు బాగు చేసుకునేవారు. ఒక మాజీ మంత్రిగారి పేరు లోతుగా చెక్కారు. పండుగొప్ప పొలుసు దాని మీద రుద్దితే భలేగా ఊడివస్తుంది.

అందరికంటే ఎక్కువ అడిగింది మా అక్క నూకరత్నం. పెళ్లయిన మర్నాటి నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఆ దారిన బజారుకి పోతోంది. యాభై దాటినా కాళ్లకి చెప్పులు ఎరగదు. మొక్కూ లేదు, మూఢనమ్మకమూ లేదు. దారిలో బురద చెప్పుల్ని పట్టుకుంటే మళ్లీ వదలదు, అంతే.

"వంతెన పడ్డాక సెప్పులేసుకుని టక్కుటక్కుమని నడిసెల్తాన్రా ధర్మా, అప్పుడు సూడు నా దర్జా," అనేది నాతో.

ఉన్నట్టుండి ఒక ఏడాది వంతెన నిజంగానే మంజూరయింది. ఒడ్డున ఇనప ఊచలు దింపారు, సిమెంటు బస్తాలు దింపారు, వాటికి కాపలా మనిషిని కూడా పెట్టారు. ఆ సాయంత్రమే అక్క బజారులో నీలం రంగు చెప్పులు కొనుక్కుంది. పైన తెల్ల ప్లాస్టిక్ పువ్వు. వాటిని కవరు తియ్యకుండా చూరుకి వేలాడదీసి, వచ్చిన చుట్టాలందరికీ చూపించింది.

మా ఖర్మకొద్దీ అదే నెలలో కోస్తా వారసత్వ విహార వికాస సంస్థ అనే ఆఫీసువాళ్లు ఫ్రాన్సు వెళ్లొచ్చారు.

అక్కడ పడమటి తీరాన ఒక పల్లెటూరి ప్రాంతం ఉందిట. ఉప్పుమళ్లు, గాలిమరలు, ఆల్చిప్పల పెంపకం, ఒకప్పుడు సన్యాసులు గట్లు పోసి సముద్రం నుంచి లాక్కున్న పొలాలు. వీటన్నిటినీ మించి ఒక దీవికి పోయే రాళ్ల దారి ఉందిట, పోటుకి మునుగుతుంది, పాటుకి తేలుతుంది. అది మునుగుతుంటే చూడ్డానికి దేశదేశాల జనం కార్లేసుకుని వస్తారట. మనవాళ్లు కూడా వెళ్లి చూసి, అక్కడి బంగాళాదుంపలు తిని, అలాంటిదొకటి మన తీరంలో లేదే అని బాధపడుతూ తిరిగొచ్చారు.

వచ్చిన వారంలోనే సంస్థ స్పెషలాఫీసరు చక్రపాణి గారు ఏదో పనిమీద మా వైపు వచ్చారు. ఒడ్డున జీపు ఆపి దిగేసరికి పోటు ఎక్కుతోంది. దారి మీద అక్క నెత్తిన తట్టతో, మోకాలి లోతు నీళ్లలో, దబదబా పరుగెత్తుకొస్తోంది.

"ఆపండి! ఆవిణ్ణి ఆపండి!" అని అరిచారాయన. కాపాడతారేమో అనుకుని నేను పొంగిపోయాను. "అక్కడే, అలాగే నిలబడమనండి! వెలుతురు అద్భుతంగా ఉంది!"

ఫోటో తీశారు. కళ్లజోడు తీసి కళ్లొత్తుకున్నారు. "అదే, అచ్చంగా అదే," అని గొణుక్కున్నారు.

మర్నాడు స్కూలు వరండాలో మీటింగు పెట్టారు. చక్రపాణి గారు మైకు ముందు నిలబడి, మా అందరినీ జాలిగా చూశారు.

"మీ దగ్గర ఏముందో మీకు తెలీదు," అన్నారు.

"నీళ్లున్నాయండి," అన్నాడు వెనకనుంచి ఎవడో.

"కాదు. అంతర్జాతీయ స్థాయి కలిగిన జలనిమజ్జిత చారిత్రక మార్గం ఉంది. ప్రపంచంలో ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దీని సమగ్ర పరిరక్షణ మనందరి ఉమ్మడి బాధ్యత."

అక్క లేచి నిలబడింది. "మరి వంతెనండి?"

చక్రపాణి గారి మొహం చిన్నబోయింది. "వంతెనా? వారసత్వం నెత్తిన వంతెనా? చూడు తల్లీ, వంతెన పడితే మీరు దారిన నడవరు. మీరు నడవకపోతే దారి చచ్చిపోతుంది. ఆ పాపం నీకు కావాలా?"

"దారి సచ్చిపోతే పోనియ్యండి బాబూ, మేం బతుకుతాం," అంది అక్క.

"స్థానికుల భావోద్వేగాలు నమోదు చెయ్యడమైనది," అన్నారు చక్రపాణి గారు. వంతెన ఆ పూటే రద్దయిపోయింది. అక్క ఇంటికెళ్లి, చూరుకి వేలాడుతున్న చెప్పుల కవరు మీద దుమ్ము దులిపి, మళ్లీ అక్కడే తగిలించింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

వారసత్వం అన్నాక చరిత్ర కావాలి కదా. పాయ ఒడ్డున ఒక పాత ఉప్పుకొట్టు గోడ ఉంది. అది ఫ్రెంచివాళ్లు కట్టిందని సంస్థవాళ్లు తేల్చేశారు. ఆ గోడ ఉప్పు షావుకారు కట్టించాడని, కట్టిన మేస్త్రీ మా పెదనాన్నేనని నేను మనవి చేసుకున్నాను.

"అంటే మీ పెదనాన్నగారు ఫ్రెంచివారి దగ్గర పనిచేశారన్నమాట. చాలా విలువైన సమాచారం," అన్నారు చక్రపాణి గారు. ఆ మాట బోర్డు మీదకి కూడా ఎక్కింది. అదే ఊపులో, నువ్వేం చేస్తుంటావని నన్నడిగారు. వెనకటికి యానాంలో ఒక దర్జీ షాపులో కాజాలు కుట్టేవాణ్ణని చెప్పాను. యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది కాబట్టి నాకు ఫ్రెంచి సంస్కృతితో గాఢమైన అనుబంధం ఉన్నట్టు రాసుకుని, నన్ను గైడుగా నియమించి చేతికి మైకు ఇచ్చారు. పిల్లలున్నవాణ్ణి, కాదనలేకపోయాను.

పని మొదలైంది. ముందు ఒక ఇంజనీరు వచ్చి దారి ఎంత లోతు మునుగుతోందో కొలిచి పెదవి విరిచాడు.

"ఇదేం మునగడం సార్? అక్కడ కారు కప్పుదాకా మునిగిపోతుంది. ఇక్కడ మనిషి మొల కూడా తడవడం లేదు. అంతర్జాతీయ ప్రమాణాలకి సగం కూడా లేదు."

ఇంకేముంది, పొక్లెయిన్ తెచ్చి దారిని మధ్యలో నడుం లోతు తవ్వించారు. ఏటేటా గోతుల్లో మేం పోసుకున్న రాళ్లూ రప్పా అన్నీ తీసేశారు, అవి సముద్రపు సహజ హక్కుకి భంగకరమట. మా దారి మీద ప్రభుత్వం చెయ్యి పడటం అదే మొదలు. ఆ చెయ్యి తవ్వడానికి పడింది.

తరవాత స్తంభాలు. ఫ్రాన్సులో ఆ దారి పొడుగునా ఎత్తయిన స్తంభాలుంటాయట. నీళ్లలో చిక్కుకున్నవాడు పైకెక్కి గూట్లో కూర్చుంటాడట. అలాంటివే ఇక్కడా పాతారు, వాటికి 'ఆశ్రయ స్తంభాలు' అని పేరు పెట్టారు. వంతెన కోసం దింపిన ఊచలు ఒడ్డున పడే ఉన్నాయి కదా, వాటితోనే మా వాళ్లకి ఇనప గూళ్లు కట్టించారు.

బస్సులు రావడం మొదలైంది. హైదరాబాదు జనం, విశాఖ జనం, టోపీలు పెట్టుకుని గట్టు మీద కుర్చీల్లో కూర్చునేవారు. నేను మైకులో సన్యాసుల గురించి, ఉప్పుమళ్ల గురించి, మా పెదనాన్న గురించి చెప్పేవాణ్ణి. సముద్రం వేళకి వచ్చి దారిని ముంచేసేది. అక్కడితో అయిపోయేది. జనం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేవారు.

"ఇంతేనా? ఎవరూ చిక్కుకోరా?" అని అడిగిందొకావిడ. తిరుగు ప్రయాణంలో చాలామంది ఫిర్యాదులు రాశారు.

చక్రపాణి గారు నన్ను పిలిపించారు. "ఏమయ్యా, మీ వాళ్లు చిక్కుకోవడం లేదేం?"

"పుట్టినప్పటినుంచీ ఇక్కడే ఉన్నారు కదండీ. చంద్రుణ్ణి చూసి పోటు ఎప్పుడో చెప్పేస్తారు. ముందే దాటేస్తారండి."

"అది నిర్లక్ష్యం. వారసత్వంలో ప్రజా భాగస్వామ్యం లేకపోతే ఎలా?" అని ఆయన కాసేపు పచార్లు చేశారు. "సముద్రం నా పరిధిలోకి రాదు. ఊరు వస్తుంది."

ఊరి చివర గేటు పెట్టారు. పోటు ఎక్కడం మొదలయ్యాకే గేటు తియ్యాలి. బస్సు వచ్చిన పూట కనీసం నలుగురు గూళ్లెక్కితే తప్ప కార్యక్రమం జరిగినట్టు కాదు. నడిచేవాళ్లకి 'వారసత్వ పాదచారులు' అని మెడలో వేసుకునే కార్డులిచ్చారు. కార్డు లేకుండా మునగడం నేరం.

ఇక అక్క సంగతి చెప్పాలా. చేపలు నిండిన తట్టతో గేటు దగ్గర నిలబడేది. గేటు తీసేసరికి నీళ్లు పిక్కలదాకా ఉండేవి, సగం దారిలో నడుందాకా వచ్చేవి. తట్టతో సహా గూట్లోకెక్కి పాటుదాకా కూర్చునేది. పైన ఎండ, చుట్టూ కాకులు, గద్దలు. గట్టు మీద జనం గద్దల్ని చూసి ఈలలు వేసేవారు. నీళ్లు దిగాక ఆవిడ బజారుకి చేరేసరికి ఆ చేపల్ని పిల్లి కూడా ముట్టేది కాదు.

ఒకరోజు గట్టు మీదే చక్రపాణి గారికి అడ్డుపడింది. "సేపలు కుళ్లిపోతన్నాయి బాబూ. ఆ గేటు కొంచెం ముందు తియ్యమనండి. మీకు దణ్ణం పెడతాను."

ఆయన ముక్కుకి రుమాలు అడ్డుపెట్టుకున్నారు. "వాసన కూడా ప్రామాణికతలో భాగమేనమ్మా," అన్నారు ఎంతో మర్యాదగా.

ఆ సాయంత్రం అక్క నా ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుంది. "ఒరే, ఆ మైకులో నా గురించి ఏం సెబుతున్నావురా?" అంది. సముద్రంతో సహజీవనం చేసే ధీరవనిత అని చెప్పమన్నారని చెప్పాను. అక్క కొంగుతో కాళ్ల బురద తుడుచుకుంది. "ధీరవనితకి రేపటికి బియ్యం లేవు, రెండు డబ్బాలు కొలవమను మీ ఆవిణ్ణి," అంది.

ఇలా ఉండగా ఫ్రాన్సులో ఆ ప్రాంతం నుంచి ఒక మేయరమ్మని పిలిపించారు. పేరు సోలాంజ్. పెద్దావిడ. మేయరంటే హారతులకీ దండలకీ అలవాటుపడ్డ మనిషి అనుకున్నాం. తీరా చూస్తే ఆల్చిప్పలు పెంచుకునే మనిషి. చేతులు మా అక్క చేతుల్లాగే ఉన్నాయి, గీతల్లో మట్టి పోనివి. వెంట పుదుచ్చేరి నుంచి ఒక దుబాసీ వచ్చాడు.

ఆవిడ కోసం ఆ రోజు నలుగురు చాలరని పదిమందిని వదిలారు. గూళ్లన్నీ నిండిపోయాయి. బ్యాండు వాయించారు. మూడో గూట్లో అక్క తట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చక్రపాణి గారు చేయి చాచి, "అచ్చం మీ ఊళ్లో ఉన్నట్టే లేదూ?" అని అడిగారు.

మేయరమ్మ చప్పట్లు కొట్టలేదు. నీళ్లకేసి చూసింది, గూళ్లకేసి చూసింది, అటూ ఇటూ తల తిప్పి వెతికింది. ఏదో అడిగింది. దుబాసీ గొంతు సవరించుకున్నాడు.

"వంతెన ఎక్కడుందని అడుగుతున్నారండి."

"వంతెనా?" అన్నారు చక్రపాణి గారు.

ఆవిడ మాట్లాడుతుంటే దుబాసీ వెంటవెంటనే చెప్పాడు. "మా అమ్మ ఆ దారిన నడిచింది. నేను చిన్నదాన్నిగా ఉన్నప్పుడే వంతెన కట్టారు. ఇప్పుడు ఆ దారి ఆదివారాలు సరదాకి, చూడ్డానికి వచ్చినవాళ్లకి. బడికీ ఆస్పత్రికీ బజారుకీ వంతెన మీదే పోతాం. వంతెన లేకపోతే మా దీవిలో మనుషులెవరుంటారండీ? ఆ గూళ్లలో కూర్చున్నవాళ్లని ఎందుకు దింపడం లేదు?"

బ్యాండువాళ్లు కూడా ఆపేశారు. మేయరమ్మ బూట్లతోనే నీళ్లలోకి దిగబోతే ఆరుగురు అధికారులు ఆవిణ్ణి పట్టుకుని భోజనానికి తీసుకుపోయారు.

భోజనాల హాలు వెనక గదిలో జరిగిన మీటింగుకి మైకు మోసుకెళ్లినవాణ్ణి కాబట్టి నేనూ ఉన్నాను. చక్రపాణి గారు మండిపడుతున్నారు. "అక్కడ వంతెన ఉందట! ఇంతమందిమి వెళ్లొచ్చాం, ఒక్కరి కంటికీ కనిపించలేదా?"

"మనం దీవికి వంతెన మీదే వెళ్లాం సార్," అన్నాడు ఇంజనీరు. "దాని మీద కూర్చుంటే అది ఎలా కనిపిస్తుంది? పైగా తమరు అప్పుడు నిద్రపోతున్నారు."

చక్రపాణి గారు బల్ల గుద్దారు. "అయితే మన నమూనా అసంపూర్ణం. ఇది తక్షణం సరిదిద్దాల్సిన లోపం. అక్కడ దారీ ఉంది, వంతెనా ఉంది. ఇక్కడా రెండూ ఉండాలి!"

నేను మైకు అక్కడే పారేసి పరుగెత్తాను. అక్క ఇంకా గూట్లోనే ఉంది. గట్టు మీద నుంచే అరిచి చెప్పాను. అక్క తట్టలోంచి ఒక చేపని తీసి గద్దకి విసిరేసింది, దానం చేసినట్టు. "ఆయమ్మ సల్లగా ఉండాలి," అంది.

ఈసారి పని చకచకా సాగింది. ఒడ్డు నుంచి వంతెన స్తంభం తరవాత స్తంభం నడుచుకుంటూ వచ్చింది. పాయ మధ్యకి, సరిగ్గా మూడో గూడు దగ్గరికి వచ్చి ఆగింది. మిగతా సగం తరవాతి విడతలో అనుకున్నాం. సర్కారు పనులు విడతలవారీగానే కదా జరిగేవి.

ప్రారంభోత్సవం రోజున అక్క తెల్లారగట్లే దారిన బజారుకి పోయింది. తట్టలో చేపలతోపాటు ఆ చెప్పుల కవరు. ఆ పూట గేటు కూడా ముందే తీశారు, పండగ కదా. చేపలమ్ముకుని, కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కవరు విప్పి నీలం చెప్పులు వేసుకుంది. ఖాళీ తట్ట చంకన పెట్టుకుని జనంతోపాటు వంతెనెక్కింది. టక్కు టక్కు టక్కు. నన్ను చూసి నవ్వింది. అక్క మొహంలో అలాంటి నవ్వు నేను మళ్లీ చూడలేదు.

వంతెన చివర రంగులేసిన కటకటాలున్నాయి. దూరం చూసే గొట్టాలు బిగించారు, కుర్చీలు వేశారు. కటకటాలకి అవతల నీళ్లు, నీళ్లకి అవతల మా ఊరు. అక్క ఇంటి చూరు కూడా కనిపిస్తోంది.

"మిగతాది ఎప్పుడు కడతారు బాబూ?" అని అడిగింది అక్క.

"మిగతాదేమిటి?" అన్నారు చక్రపాణి గారు. "ఇది సంపూర్ణ నిర్మాణం. దృశ్యం ఎక్కడ ఉత్తమంగా ఉంటుందో నిపుణులు నిర్ధారించారు. అది ఇక్కడే. ఇంకా ముందుకి కడితే దృశ్యం వెనకపడిపోతుంది కదా. అయినా అటువైపు చూడ్డానికేముందమ్మా?"

"నా ఇల్లుంది బాబూ."

"అది ఇక్కడినుంచే చక్కగా కనిపిస్తోంది," అంటూ ఆయన గొట్టాన్ని ఆవిడ వైపు తిప్పారు.

పోటు మొదలైంది. ఇల్లు చేరాలంటే వెనక్కి వెళ్లి దారిలోకి దిగాలి. అక్క చెప్పులు విప్పి తట్టలో పెట్టుకుంది. ఒడ్డుదాకా నడిచి, దారిలో దిగి, పరుగెత్తింది. తవ్వేసిన చోటికి వచ్చేసరికి నడుం లోతు నీళ్లు. వేరే గతి లేక మూడో గూడెక్కింది. అది వంతెన చివరకి ఎదురుగా, బారెడు దూరంలో, కటకటాలకి సమాన ఎత్తులో ఉంది. నిపుణులు అంత బాగా లెక్కగట్టారు.

జనం కటకటాల మీద పడ్డారు. "కొంచెం ఇటు తిరగండి అమ్మా, నవ్వండి," అన్నారు. చక్రపాణి గారు నా చేతిలో మైకు లాక్కున్నారు.

"సోదర సోదరీమణులారా, మీ ఎదుట ఉన్నది సముద్రపుత్రిక. ఆ పాదాలు గమనించండి. ఈ ప్రాంతపు స్త్రీలు తరతరాలుగా పాదరక్షలు ధరించరు. అది వారు స్వచ్ఛందంగా పాటించే సంప్రదాయం..."

అక్క తట్టలో చెయ్యి పెట్టింది.

మొదటి చెప్పు ఆయన చెవి పక్కనుంచి దూసుకుపోయి రిబ్బను కట్టిన స్తంభానికి తగిలింది. రెండోది మైకుకి తగిలింది. ఆ చప్పుడు మైకు పెట్టెల్లోంచి పాయ రెండు గట్లకీ వినిపించింది. ప్లాస్టిక్ పువ్వు ఊడి చక్రపాణి గారి జేబులో పడింది.

వెనకెవరో చప్పట్లు కొట్టారు. ఇదీ కార్యక్రమంలో భాగమేనని తేలిపోయింది. అందరూ కొట్టారు. "ఇంకోసారి!" అని కేకలు. ఫిర్యాదుల పెట్టె ఆ రోజు మొదటిసారి మెచ్చుకోళ్లతో నిండింది.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. నీలం చెప్పుల్ని అద్దాల పెట్టెలో పెట్టి, 'పాదరక్షా సమర్పణ: స్థానిక స్వాగత ప్రక్రియ' అని కింద రాయించారు. ప్రజాభిప్రాయం మేరకు బస్సు వచ్చిన ప్రతి పూటా ఈ ప్రక్రియ జరగాలని, శ్రీమతి నూకరత్నం గారు సహకరించాలని అందులో ఉంది. ఆ కాగితం పట్టుకుని భయంభయంగా అక్క ఇంటికి వెళ్లాను. చేతికందింది నేరుగా నా మీదే పడుతుందనుకున్నాను.

అక్క వల బాగుచేసుకుంటూ అంతా విని, తలెత్తకుండా అడిగింది.

"సెప్పులెవరిత్తారు?"

"ఆఫీసే ఇస్తుందక్కా. ఎన్నంటే అన్ని."

"ఆ బాబు అక్కడే నిలబడతాడా?"

"ముందు వరసలో ఎవరో ఒక పెద్ద అధికారి ఉండి తీరాలట. రూలు."

"అయితే సరే," అంది అక్క.

అప్పటినుంచీ జరుగుతోంది. ముందు వరస డ్యూటీ పడిన అధికారులు సెలవు చీటీలు పెడుతున్నారు, బదిలీల కోసం తిరుగుతున్నారు. వంతెన మిగతా సగం సంగతేమైనా కదిలిందా అని మీరు అడగొచ్చు. కదిలింది. ప్రజల కష్టాల దృష్ట్యా వంతెనని ఊరిదాకా తక్షణం పూర్తి చెయ్యాలని స్వయంగా చక్రపాణి గారే పైకి రాశారు, కంటి కింద వాపు తగ్గకముందే. సందర్శకుల ఆదరణ దృష్ట్యా ఇప్పట్లో కుదరదని పైవాళ్లు జవాబిచ్చారు.

అక్క మాత్రం ఒక్క పూట కూడా మానలేదు. గురి రోజురోజుకీ కుదురుతోంది.